నేను నేర్పిన ఏడుపు

నాటకం టీచరు ఉద్యోగమంటే ఏమిటని, కొత్తగా ఆ పనిలో చేరే పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడగడానికి వస్తుంటారు. జంషెడ్‌పూర్‌లో, బారిడీహ్ వైపున్న మా ఇంటి వరండాలో కూర్చుని, టీ తాగుతూ, నోటుబుక్కు తెరిచి పెట్టుకుంటారు. ఈ ఉద్యోగంలో సగం కాలం తెర తాళ్ళ చిక్కులు విప్పడానికీ, తక్కిన సగం లెక్కల మాస్టారి దగ్గర పీరియడ్లు అడుక్కోవడానికీ పోతుందని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అసలు చెప్పాల్సిన సంగతి ఒకటుంది గానీ, అది టీ చల్లారేలోపు చెప్పి లేచేది కాదు. అందుకని రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళోనే ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో నాటకం చెప్పాను. మావారు స్టీలు ప్లాంటులో ఇంజనీరుగా చేశారు. మాది పుస్తకాలున్న ఇల్లు, మెల్లగా మాట్లాడుకునే ఇల్లు. ఈ సంగతి గొప్పకి చెప్పడం లేదు. నేను చేసిన తప్పులో దీనికీ భాగం ఉంది.

మా స్కూలుకి రెండు రకాల తెలుగు పిల్లలు వచ్చేవారు. మావంటి ఇళ్ళ పిల్లలు కొందరు, రైల్వేవాళ్ళ పిల్లలు కొందరు. రైల్వేవాళ్ళ తాతలు ఎప్పుడో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇక్కడి టాటానగర్ రైల్వే యార్డులో పనికొచ్చి, స్టేషను పక్కనున్న బాగ్‌బేరాలో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగులో అడిగితే మా పిల్లలు ఇంగ్లీషులో, వాళ్ళ పిల్లలు హిందీలో జవాబు చెప్పేవారు. తెలుగు మాత్రం రెండు చోట్లా పెద్దవాళ్ళ నోళ్ళలోనే మిగిలింది.

నా ఉద్యోగం చివరి పదేళ్ళలో ఒక కొత్త పని తగులుకుంది. విదేశాలకు వెళ్ళి నాటకం చదువుకోవాలనుకునే పిల్లల్ని అక్కడి ఎంపికలకి తయారుచెయ్యాలి. ఎవరూ నాకు అప్పగించలేదు, నేనే నెత్తిన వేసుకున్నాను. ఓ అరడజను మంది వెళ్ళారు. ఆ పేర్లు తలుచుకుని చాలా ఏళ్ళు మురిసిపోయాను.

హారతి ఇంకోసారి

మొదట వెళ్ళినవాడు మా వీధిలోనే ఉండే ఒక మేనేజరు గారి కొడుకు, ఆదిత్య. ఇక్కడున్నన్నాళ్ళూ వాళ్ళమ్మ పూజగంట కొడితే చెవుల్లో పాటలు పెట్టుకునేవాడు. ఏడాది చదివి సెలవులకి వచ్చి, మర్నాడు పొద్దున్నే కెమెరా పట్టుకుని పూజగది ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడట. హారతి అయిపోయాక, "అమ్మా, ఆ పళ్ళెం ఎత్తేది ఇంకోసారి చెయ్యవా? నీ చెయ్యి భలే కదిలింది" అన్నాడట.

ఆవిడ నాకు ఫోన్ చేసింది. "ఏమండీ, మీరు పంపిన చోట దేవుడికి కూడా రిహార్సలు పెట్టిస్తారా?" అని దెప్పింది. నేను పగలబడి నవ్వాను. ఇంట్లో ఉన్నంతకాలం కంటికి ఆననిది, బయటికి వెళ్ళొస్తే కనిపిస్తుందని తల్లిదండ్రుల మీటింగుల్లో ఈ కథే చెప్పేదాన్ని. నిజానికి అలాగే జరిగేది. వెళ్ళిన మొదటి నెలల్లో ఇంటి గురించి అడిగితే పిల్లలు సిగ్గుపడేవారు. తర్వాత అక్కడివాళ్ళు ఆశ్చర్యపోవడం చూసి, తమకున్నదేదో పెద్దదని తెలుసుకునేవారు. తిరిగొచ్చి అమ్మమ్మల వెంటా నాన్నమ్మల వెంటా పడేవారు.

ఆదిత్య తల్లి ఆ రోజు చివర్లో ఇంకో మాట కూడా అంది. హారతి కళ్ళకద్దుకోమని పళ్ళెం చాపితే, వాడు కెమెరాలోంచే చూస్తూ ఉండిపోయాడట. "ఆరిపోయింది గానీ వాడు చెయ్యి చాచలేదండీ" అంది. నాకు ఆ మాట చెవిన పడింది, అంతే. దాన్ని పట్టించుకోవలసిన పని ఉందని అనుకోలేదు.

బాగ్‌బేరాలో

కల్పన సంగతి చెప్పాలి.

కల్పన వాళ్ళ నాన్న రైల్వేలో ఫిట్టరు. ఆ పిల్ల పదో తరగతిలో ఉండగా డ్యూటీలోనే ఆయన గుండె ఆగిపోయింది. స్కూలు తరఫున పరామర్శకి ఎవరో ఒకరు వెళ్ళాలి కదా, తెలుగు వచ్చని నన్ను పంపారు. బాగ్‌బేరా క్వార్టర్లలో కాలు పెట్టడం నాకు అదే మొదటిసారి. ఊళ్ళో పాతికేళ్ళుగా ఉన్నదాన్ని.

మా ఇళ్ళలో చావుకి గొంతు ఉండదు. మా అమ్మ పోయినప్పుడు నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పైకి వినపడకుండా ఏడవడం మర్యాదని మాకు నేర్పారు. ఇక్కడ కల్పన తల్లి రవణమ్మ భర్త తల దగ్గర కూర్చుని, రాగం తీసి, ఆయనతో మాట్లాడుతోంది.

"డూటీకెల్లొత్తానన్నావు నా అయ్యా... టిపినీ డబ్బా ఇంటికొచ్చీసింది, నువ్వు రానేదు నా అయ్యా... డబ్బాల అన్నం సగమే తిన్నావు, కూర బాగు నేదా, ఆ మాటేనా సెప్పకుండా ఎల్లిపోనావా నా అయ్యా..."

ఒక్కో మాట చివర రాగం సాగుతోంది. ఆవిడ అలిసి ఆగితే పక్కనున్న ఆడవాళ్ళు అందుకుంటున్నారు. ఆయన కోపాలూ, మూడుసార్లు మానేసి మళ్ళీ పట్టిన బీడీలూ, కొనిపెడతానని కొనకుండా పోయిన కుట్టుమిషనూ, అలిగి చెల్లెలి పెళ్ళికి వెళ్ళకపోవడం, ఏదీ దాచలేదు. ఆయన ముఖం ఎరగని నాకు, అరగంటలో ఆ మనిషి తెలిసిపోయాడు.

నేను పరామర్శకి వెళ్ళినదాన్ని. కానీ కాసేపటికి నాలో టీచరు నిద్రలేచింది. ఇంత నిజమైన గొంతు ఏ స్టేజి మీదా వినలేదే అనుకున్నాను. ఆవిడ మొగుడు పోయి ఏడుస్తుంటే నేను మనసులో మెచ్చుకుంటూ కూర్చున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. ఇది రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ.

కల్పన గుమ్మం పక్కన తల దించుకుని నిలబడింది. నేను దగ్గరికి వెళ్తే, "మమ్మీ కో మత్ సునియే, మేడమ్. గావ్‌వాలే ఐసే హీ రోతే హైఁ" అంది. అమ్మని వినకండి, ఊరివాళ్ళు ఇలాగే ఏడుస్తారని. తండ్రి పోయిన దుఃఖం కంటే, టీచరు ఇదంతా వినేస్తోందన్న సిగ్గే ఆ ముఖంలో ఎక్కువగా కనబడింది.

నాలుగు నిమిషాలు

రెండేళ్ళ తర్వాత కల్పన నాటకం చదవడానికి వెళ్తానంది. చురుకైన పిల్ల. ఒక పాత్ర ఇస్తే మర్నాటికల్లా ఆ పాత్ర నడక కూడా తెచ్చేది. బ్రిటన్‌లో ఒక నాటక విద్యాలయం స్కాలర్‌షిప్పు ఇస్తానంది. ఎంపికకి ఇంగ్లీషులో ఒకటి, సొంత భాషలో ఒకటి చేసి చూపించాలి. సొంత భాషలో ఏం చేస్తావంటే, హిందీలో ఏదో చేస్తానంది.

"మీ అమ్మ ఆ రోజు ఏడ్చింది, గుర్తుందా?" అన్నాను.

కల్పన కిటికీ వైపు తిరిగి మొదలుపెట్టింది. ఒక్క మాట పొల్లు పోలేదు. హిందీలో తప్ప నాతో మాట్లాడని పిల్ల నోట బాగ్‌బేరా తెలుగు అచ్చంగా వాళ్ళమ్మలాగే వచ్చింది. నాకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. ఆ పిల్ల మాత్రం ఏడవలేదు. పూర్తయ్యాక, "ఠీక్ థా, మేడమ్?" అని అడిగింది.

బాగుందా అని అడిగింది! నేను బాగుందన్నాను.

తర్వాత రెండు నెలలు దాని మీద కూర్చున్నాం. అంత పొడుగు ఏడుపులోంచి నాలుగు నిమిషాలు ఏరాను. బీడీలు తీసేశాను, టిఫిను డబ్బా చివరికి జరిపాను. వినేవాళ్ళకి తెలుగు రాదు కాబట్టి గొంతే అన్నీ చెప్పాలని, ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో సరిచేశాను. ఆ పనిలో నాకు ఎంతో తృప్తి కలిగింది.

ఒక రోజు రవణమ్మ స్కూలుకి వచ్చింది. స్టాఫ్‌రూము బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా నిలబడింది.

"అమ్మా, మా గుంట కల్పన ఇంటికాడ ఏడుపు మొదలెట్టినాది. ఇంట్ల ఒవులు సచ్చిపోనారని ఏడుత్తన్నావే అని సీపురు తిరగేసినాను. మేడమ్మ సెప్పినారంట కదా?"

వాళ్ళలో మనిషి పోకుండా రాగం తియ్యకూడదు. తీస్తే చావుని పేరుపెట్టి పిలిచినట్టే. ఆ సంగతి నాకు తెలియదని చెప్పను, విని ఉన్నాను. మూఢనమ్మకమని పక్కన పెట్టేశాను.

"ఇంట్లో వద్దులెండి, ఇక్కడే చేయిస్తాను" అన్నాను.

"ఇంటికాడ కాదమ్మా నాను సెప్పీది. అది నాటకంల ఆడీది కాదమ్మా. అయి నాను ఆయనతో అన్న మాటలు. ఏటేటి అన్నానో నాకే తెల్దు. ఆయన ఇన్నాడు, అట్టుకెల్లిపోనాడు. ఈ గుంట కాడెలా ఉండిపోనాయి?"

నేను అరగంట మాట్లాడాను. ఇది కళ అన్నాను. మీ గొంతు దేశాలు దాటి వెళ్తుందన్నాను. పిల్ల భవిష్యత్తు దీని మీదే ఉందన్నాను. అది అబద్ధం. కల్పన హిందీలో ఏది చేసినా ఆ సీటు వచ్చేది. నాకు ఆ ఏడుపే కావాలి, అంతే. రవణమ్మ అంతా విని, "గుంట బాగుపడతాదంటే మరేటి సెప్తాను, మీ ఇష్టం" అని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు స్టాఫ్‌రూము గోడకున్న దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది.

అప్పటి మా ప్రిన్సిపాలు ఒక బెంగాలీ ఆయన. ముప్పై ఏళ్ళలో నేను చూసిన పై అధికారుల్లో నాటకమంటే ప్రాణం పెట్టేవారూ, అసలు పడనివారూ ఉన్నారు. ఈయన రెండూ కాదు. కల్పన చేసింది చూసి, అందరూ వెళ్ళాక నన్ను ఆపి, "తల్లిని అడిగారా?" అన్నారు.

"ఆవిడకి చెప్పాను సార్."

"చెప్పడం సరే. అడిగారా?"

నాకు కోపం వచ్చింది. నాటకం తెలియనివాళ్ళు నాటకంలో వేలు పెడతారని ఇంటికొచ్చి మావారి దగ్గర విసుక్కున్నాను. నా పై అధికారులు నాకు వేసిన ప్రశ్నల్లో మంచిది అదొక్కటే. దానికి జవాబు చెప్పకుండా తప్పించుకున్నాను.

అక్కడ

కల్పనకి సీటు వచ్చింది, వెళ్ళింది. మొదటి ఏడాది నెలకోసారి ఫోన్ చేసేది. మొదట్లో అంతా చలి గురించీ తిండి గురించీ. తర్వాత గొంతు మారింది. ఒక రోజు, అప్పటికింకా హిందీలోనే, ఇలా అంది.

"మేడమ్, ఇక్కడ చావు దగ్గర ఏడవడానికి వాళ్ళకి మాటలు లేవంట. మా టీచరు ఒకావిడ, వాళ్ళ నాన్న పోతే ఏం అనాలో తెలీక ఒక్క మాటా అనకుండా ఇంటికొచ్చేశానని చెప్పి ఏడ్చింది. నా చెయ్యి పట్టుకుని నీ దగ్గర ఇంత ఉందా అంది. మేడమ్, నేను మమ్మీని చూసి సిగ్గుపడ్డాను. మీ ముందు గావ్‌వాలే అన్నాను. గుర్తుందా?"

గుర్తుందన్నాను.

ఆ తర్వాత ఆ పిల్ల నాతో హిందీ మానేసింది. "నాను ఇప్పుడు మా తెలుగే మాట్లాడతన్నాను, మేడమ్" అని పట్టుబట్టి మాట్లాడేది. మధ్యలో మాట దొరక్క తడుముకునేది గానీ వదిలేది కాదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూతురు తెలుగులో మాట్లాడుతోందని రవణమ్మ కళ్ళు తుడుచుకుందట. విదేశీ చదువు ఏమిచ్చిందని ఎవరైనా అడిగితే ఇది కూడా చెప్పాలి. తల్లి భాషని సిగ్గుపడకుండా నోట పెట్టుకోవడం ఇచ్చింది. అది చిన్న విషయం కాదు.

రవణమ్మ ఏడుపు ఆ పిల్లకి పేరు తెచ్చింది. చదువులో ఉండగానూ, అయ్యాక అక్కడి నాటకబృందంతో ఊళ్ళు తిరుగుతూనూ, దాన్ని ఎన్నోసార్లు చేసింది. అవే నాలుగు నిమిషాలు.

రెండో ఏడు సెలవులకి వచ్చినప్పుడు, బాగ్‌బేరా ఆడవాళ్ళ ఏడుపు పాటలన్నీ రికార్డు చేస్తానని బయల్దేరింది. ఇంటింటికీ వెళ్ళి ఒక్కసారి పాడమని అడిగితే వాళ్ళు నవ్వి తరిమేశారు. "మా ఇంట్ల ఒవులూ సావనేదు, ఎల్లెల్లు" అన్నారట. అప్పుడు నేనే సలహా ఇచ్చాను. ఎక్కడైనా చావు జరిగితే వెళ్ళి, ఫోను కనబడకుండా పెట్టమని.

ఆ వారంలోనే పక్క లైనులో ఒక ముసలావిడ పోయింది. కల్పన నీళ్ళ బిందె వెనక ఫోను పెట్టింది. ఏడుపు మధ్యలో వాళ్ళ పిన్ని నరసమ్మ, అంటే రవణమ్మ చెల్లెలు, అది చూసింది.

"ఆపవే దాన్ని. ఈ మాటలు సచ్చినోలు ఇనాల, సెల్లు ఇనకూడదు."

కల్పన ఫోను తీసేసింది. అయినా ఆ తర్వాత ఎవరూ గొంతెత్తలేదు. కల్పన లేచి వెళ్ళిందాకా ముక్కులు చీదుకుంటూ ఊరికే కూర్చున్నారట. సాయంత్రం మా ఇంటికొచ్చి, "వాళ్ళ దగ్గరున్నది ఏటో వాళ్ళకి తెల్దు, మేడమ్" అని బాధపడింది. నేనూ తలూపాను. తెలియనిది మా ఇద్దరికే.

సందు మొదట్లో

నేను రిటైరైన ఏడాదికి రవణమ్మకి పక్షవాతం వచ్చింది. మూడో రోజుకే ఆవిడ పోయింది. నరసమ్మ ఎవరిచేతో నాకు కబురు చేయించింది. కల్పన బయల్దేరింది గానీ చేరడానికి మర్నాడు మధ్యాహ్నం అవుతుందన్నారు. ఒక్కతే కూతురని శవాన్ని ఐసు మీద ఉంచారు.

బయటూరి నుంచి వచ్చే కూతురు ఎలా రావాలో వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఇంటిదాకా వచ్చి ఏడవడం కాదు. సందు మొదట్లో బండి దిగుతూనే రాగం అందుకోవాలి. లోపలున్న ఆడవాళ్ళు ఆ గొంతు విని, బదులు రాగం తీస్తూ ఎదురెళ్ళి, ఆ పిల్లని పట్టుకుని తీసుకురావాలి. అప్పటిదాకా ఏడ్చి ఏడ్చి అలిసిన గొంతులు ఆ ఒక్క గొంతు కోసమే చూస్తుంటాయి. నిన్నటి నుంచి వచ్చిన ప్రతి చుట్టమూ అలాగే వచ్చింది. నేను ఓ మూల కుర్చీలో కూర్చుని అంతా చూస్తున్నాను.

స్టేషను నుంచి ఆటో వచ్చి ఆగిన చప్పుడు వినబడింది. లోపల అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు కూడా. బయట ఆటోవాడు హిందీలో ఎవరినో పక్కకి తప్పుకోమన్నాడు. తర్వాత అడుగుల చప్పుడు.

కల్పన ఏ గొంతూ లేకుండా నడిచి వచ్చింది. ఎవరినీ చూడకుండా వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది. అలా మూడుసార్లు జరిగింది. పాతికమంది ఆడవాళ్ళు చూస్తున్నారు. నా వెనక ఎవరో, "పెద్దదైపోనాదిలే, మన లాగ ఏటి ఏడుత్తాది" అనడం వినబడింది. ఆ పిల్ల సిగ్గుపడటం లేదని నాకు తెలుసు. సిగ్గు పోయి చాలా ఏళ్ళైంది. లేచి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

నరసమ్మ ఇంక ఆగలేదు. అక్క ముఖం రెండు చేతులతో పట్టుకుని అందుకుంది.

"ఓలప్పో... నీ గుంటొచ్చినాది, కళ్ళు తెరవే అప్పా... సీమల్ల నీ మొగుడి ఏడుపు ఏడిసినాదే అప్పా, దొరలు సప్పట్లు కొట్టినారంటే అప్పా... ఊరూరా ఏడిసి ఏడిసి వచ్చినాదే, నీ కాడికొచ్చీసరికి నోరు పడిపోనాదే అప్పా... ఆడొద్దని మేడమ్మ కాడికెల్లి నిల్చున్నావు, మేడమ్మ ఇననేదే అప్పా... ఇల్లిదిగో మేడమ్మొచ్చి కుర్సీల కూకున్నాది, ఒకపాలి లెగిసి అడగవే అప్పా..."

ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు. నరసమ్మ నన్ను తిట్టలేదు. నా వైపు చూడను కూడా లేదు. వాళ్ళ ఏడుపులో జరిగినదంతా వస్తుంది, అంతే. బీడీలు వచ్చినట్టే, కుట్టుమిషను వచ్చినట్టే, నేనూ వచ్చాను. నేను నా జన్మలో విన్న ఏ విమర్శా అంత సూటిగా తగల్లేదు. కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చున్నాను. అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

కల్పన కళ్ళలోంచి ఒక్క చుక్క రాలేదు. తల్లి పాదాలు పట్టుకుని, పిన్ని ఏడుపు వింటూ ఉండిపోయింది. కాసేపటికి నా చూపు ఆ పిల్ల వేళ్ళ మీద పడింది. చాలా మెల్లగా, తల్లి పాదం మీద, ఒక వేలు నరసమ్మ రాగానికి లయ వేస్తోంది. తనూ చూసుకుంది. చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది.

కొత్తగా చేరేవాళ్ళకి

దినాలయ్యాక, వెళ్ళేముందు కల్పన మా ఇంటికి వచ్చింది. క్షమించమని అడుగుదామని నేను మాటలు కూర్చుకుని ఉన్నాను. ఆ పిల్ల నాకా అవకాశం ఇవ్వలేదు.

"ఏడుపు రాక కాదు, మేడమ్" అంది. "ఆటో దిగీసరికి మొదటి మాట నోట్లోకి వచ్చీసింది. దాని యెనకే, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అది కూడా వచ్చీసింది. అమ్మ ముందర యాక్టింగు సెయ్యలేక నోరు మూసుకున్నాను. ఇంకో మాట వెతుకుదామంటే నాకు వేరే మాటల్లేవు. ఉన్నయ్యన్నీ అమ్మయే. అమ్మ నాన్నకన్న మాటలు అమ్మకెలా అంటాను?"

"ఇంక స్టేజి మీద అది చెయ్యకు" అన్నాను.

"సెయ్యను. మానీసినాను. అయినా ఏటి లాభం, మేడమ్?" అంది. అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే అడిగింది.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు నన్ను అడిగేది ఇంకొకటుంది, పిల్లల చేత వాళ్ళ ఇంటి సంగతులు ఆడించవచ్చా అని. ఆడించవద్దని చెప్పలేను. కల్పనకి తల్లి మీద సిగ్గు పోయింది ఆ నాటకం వల్లే. బయటి దేశం ఆ పిల్లకి తన ఇంటిని చూపించింది, అది ఒప్పుకుంటాను. కానీ ఎప్పుడూ చూస్తూ ఉండేవాళ్ళు ఆ ఇంట్లో కలవలేరు. అది అక్కడి చదువు చేసిన తప్పని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అక్కడివాళ్ళు చప్పట్లు మాత్రమే కొట్టారు. మనిషి మనిషికీ కొత్తగా పుట్టే ఏడుపుని నాలుగు నిమిషాలకి బిగించి, మాట కదలకుండా చేసింది ఇక్కడ, సాక్చి బజారు నుంచి తెచ్చిన సమోసాలు తింటూ, నేను.

ఒక్కటి మాత్రం ఖాయంగా చెప్పగలను. ఎవరైనా ఒక తల్లి స్టాఫ్‌రూము బయట చెప్పులు విడిచి వచ్చి, కూర్చోకుండా నిలబడి, అది ఆడీది కాదమ్మా అంటే, మీ దగ్గరున్న పెద్ద మాటలన్నీ ఆవిడ మీద వాడకండి. ఆవిడ మీకంటే ఎక్కువ తెలిసి మాట్లాడుతోంది. ఆవిడ చెప్పేది అర్థం కాకపోయినా సరే, వినండి.

మొన్నీమధ్య కల్పన ఫోన్ చేసింది. అక్కడే చిన్నపిల్లలకి నాటకం చెబుతోంది. బాగానే ఉన్నానంది. తర్వాత ఇంకో మాట చెప్పింది.

"నిన్న బస్సుల ఏడుపొచ్చినాది, మేడమ్. ఎవరో ముసలామె టిపినీ మూత తీత్తంటే అమ్మ గుర్తొచ్చింది. బాగా ఏడిసినాను."

"మంచిదే తల్లీ. ఏమన్నావు అమ్మతో?"

"ఏటీ అన్నేదు. మాటలు రానేదు. ఉత్త ఏడుపే వచ్చినాది."

బాగ్‌బేరాలో మాటల్లేకుండా ఏడ్చేది ఇంకా మాటలు రాని చంటిపిల్లలు మాత్రమే. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు, నాకూ తెలుసు.